నా కాగితంలో ఒకట్లన్నీ అమ్మే

నాకు బైపోలార్ జబ్బు, అంటే మనసు కొన్నాళ్లు విపరీతంగా ఎగిసి, కొన్నాళ్లు దిగులులో కుంగిపోయే జబ్బు. పాప పుట్టిన 2013లో మొదలైంది. జబ్బు ముదిరిన రోజుల సంగతి ఇక్కడ రాయబోవడం లేదు. అవి రాసినవాళ్లు ఉన్నారు, చదివి భయపడినవాళ్లూ ఉన్నారు. నేను రాసేది ఆ తర్వాతి సంగతి. జబ్బు నెమ్మదించి, మాత్రలు వేసుకుంటూ, చూసేవాళ్లకు బాగానే ఉన్నట్టు కనిపించే మనిషిని కూర్చోబెట్టి ఇంకా ఏం కావాలో అడిగి రాసుకునే పద్ధతి ఒకటి ఉంది. అవసరాల అంచనా అంటున్నారు. 2025 జూన్ నుంచి అక్టోబరు దాకా నాకు అది జరిగింది. దానితో పాటు సదరం పరీక్ష, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చేది, అది కూడా జరిగింది. రెండూ ఒకటే అనుకుని వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టి వరసగా చెబుతాను.

మాది సఖినేటిపల్లి వైపు పల్లె. నాన్న లేరు. తమ్ముడు మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో నేను, అమ్మ. పాప పాలకొల్లులో వాళ్ల నానమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. నేను లేసు అల్లుతాను. ఆసుపత్రి నది అవతల. పంటు, అంటే నది దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం రేవులో దిగి, అక్కడి నుంచి బస్సు. ఆసుపత్రి పేరు రాయను, అక్కడ మంచీ చెడూ రెండూ చూశాను.

జూన్ మొదటి వారంలో మామూలుగా మాత్రల కోసం వెళ్లాను. ఎప్పుడూ జరిగేది ఒకటే. నిద్ర పడుతోందా, మాత్రలు మానలేదు కదా, బరువు ఎంత. చీటీ రాసి పంపేస్తారు. ఈసారి డాక్టరమ్మ చీటీ రాశాక ఆగి, పక్క గదిలో సోషల్ వర్కర్ ఉంటుంది, ఆమెను కలిసి తేదీ తీసుకోండి అన్నారు. తేదీ జూలై 2కు ఇచ్చారు. "మీ అమ్మగారినీ తీసుకురండి. కానీ ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను" అంది ఆ అమ్మాయి. అమ్మకు ఆ మాట నచ్చలేదు. ఇంటికి వచ్చేదాకా, "నాకు తెలియకుండా నీతో ఏం మాట్లాడుతుందట?" అని అడుగుతూనే ఉంది.

జూలై 2న పొద్దున్నే చేరాం. మమ్మల్ని పిలిచేసరికి పన్నెండు దాటింది. పాత కేసు కాగితాలు రికార్డు గదిలో దొరకలేదు. 2022లో నన్ను చేర్చినప్పటి డిశ్చార్జి కాగితం అమ్మ ఇనప్పెట్టెలో దాచి ఉంచింది కాబట్టి సరిపోయింది. మీ దగ్గర ఉన్న ప్రతి చీటీనీ జిరాక్స్ తీయించి పెట్టుకోండి. ఆసుపత్రిలో ఉంటుంది కదా అనుకోవద్దు.

ఆ అమ్మాయి ముందు ఉన్న కాగితంలో 22 గళ్లు. లండన్‌లో కాంబర్‌వెల్ అనే చోట ఉన్న మనోవైద్య సంస్థ వాళ్లు 1990లలో తయారుచేసిన పద్ధతి అట. ఇల్లు, తిండి, ఇంటిపని, శుభ్రత, పగటి వ్యాపకం, ఒంటి ఆరోగ్యం, తోడు, పిల్లలు, చదువు, ఫోను, ప్రయాణం, డబ్బు, ప్రభుత్వం నుంచి రావలసిన సాయం, ఇలా ఒక్కొక్కటీ అడుగుతుంది. ఆ విషయంలో ఇబ్బందే లేకపోతే సున్నా. ఇబ్బంది ఉంది గానీ ఎవరో ఒకరి సాయంతో గడుస్తోంది అంటే ఒకటి. ఇబ్బంది ఉంది, తీర్చేవాళ్లు లేరు అంటే రెండు. మార్కులు ఎక్కువ వస్తే గొప్ప, తక్కువ వస్తే తప్పు అనేది ఏమీ లేదని ముందే చెప్పింది. అయినా పెన్ను కదిలినప్పుడల్లా నా చూపు అటే పోయింది.

మొదటి గళ్లు చకచకా అయిపోయాయి. మద్యం, మత్తు దగ్గర ఆమే నవ్వింది. ఆత్మహత్య ఆలోచన గురించి సూటిగా అడిగింది. నేనూ సూటిగానే చెప్పాను. కిందటి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నాకు దిగులు కమ్మేసింది. ఆ రోజుల్లో సాయంత్రం రేవు వైపు నడిచి వెళ్లి నీళ్లు చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మకు గుడికి అని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ ఆలోచన ఉందా అని రెండుసార్లు అడిగింది, లేదన్నాను. వస్తే రాత్రయినా పగలయినా 14416 కు ఫోను చేయమంది. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. "చేయడానికి నా దగ్గర ఫోను ఉండాలి కదా" అన్నాను. అక్కడి నుంచి ఫోను గడికి దూకేశాం.

2022లో జబ్బు ఎగిసినప్పుడు అర్ధరాత్రి బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఎవరెవరికో డబ్బులు పంపాను. తర్వాత ఫోను అమ్మ తీసుకుంది, మళ్లీ ఇవ్వలేదు. పాపతో మాట్లాడాలంటే అమ్మ ఫోనులో, స్పీకరు పెట్టి, వంటింట్లో నిలబడి. పన్నెండేళ్ల పిల్ల అమ్మమ్మ వింటోందని తెలిసి తల్లితో ఏం చెబుతుంది? బాగున్నావా అమ్మా, బాగున్నాను, అన్నం తిన్నావా, తిన్నాను. ఫోను గడిలో రెండు పడింది. పిల్లల గడిలోనూ రెండు పడింది.

పెళ్లి అయిన ఆడవాళ్లకు, కానివాళ్లకు కూడా ముందే చెప్పి పెడుతున్నాను: దాంపత్యం గురించి ఒక గడి, శారీరక సుఖం గురించి ఇంకో గడి ఉంటాయి. ఆ అమ్మాయి లేచి తలుపు గడియ వేసి వచ్చి, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదంది. పన్నెండేళ్లలో ఏ డాక్టరూ నన్ను ఆ మాట అడగలేదు. నేను చెప్పానో లేదో ఇక్కడ రాయను గానీ, అడగడం తప్పుగా మాత్రం అనిపించలేదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది పగటి వ్యాపకం దగ్గర. లేసు అల్లుతానంటే ఏ మాత్రం వస్తుందని అడిగింది. ఇదివరకు రోజంతా కూర్చుంటే ఒక పువ్వు పూర్తయ్యేది. ఇప్పుడు రెండు రోజులు పడుతోంది, అందులో ఏజెంటు సగం వెనక్కి ఇస్తున్నాడు. మా నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వెనక్కి వచ్చిన పువ్వుకు మాత్రం కూలి రాదు. ఎందుకు వెనక్కి ఇస్తున్నాడు అంది. కళ్లు సరిగా లేవేమో అన్నాను. "అల్లి చూపిస్తారా?" అంది. సంచిలో దారపుండ, సూది ఎప్పుడూ ఉంటాయి. తీసి మొదలుపెట్టాను. ఎడమ చేతి చూపుడు వేలికి దారం చుట్టి, సూది ముక్కుతో దారాన్ని పట్టి కన్నులోంచి లాగాలి. సూది ముక్కు కన్ను దగ్గరికి వచ్చేసరికి సన్నగా వణికి పక్కకు జారుతోంది. రెండోసారి పట్టుకుంది. మూడోసారి దారం చీలింది. ఆమె నా ముఖం చూడలేదు, వేళ్లే చూసింది. తర్వాత ఒక తెల్ల కాగితం ఇచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి సున్నా చుట్టుకుంటూ పొమ్మంది. జిలేబీ చుట్టినట్టు గీయమన్నదన్నమాట. గీత అంతా రంపపు పళ్లలా వచ్చింది.

నా అల్లిక నెమ్మదించడాన్ని ఇంట్లో బద్ధకం అనేవాళ్లు. నేనూ అదే అనుకున్నాను. ఆ కాగితం పట్టుకుని ఆమె నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. నేను వేసుకునేది లిథియం. చేతులు సన్నగా వణకడం దానికి ఉన్న గుణమేనట, మోతాదు రక్తంలో పెరిగితే వణుకూ పెరుగుతుందట. ఇంట్లో ఇంకేం మందులు వాడుతున్నారని అడిగారు. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటున్నాను. అమ్మకు బీపీ అని కూరల్లో ఉప్పు బాగా తగ్గించాం. ఆ నొప్పి మాత్రలు కొన్ని, ఉప్పు ఉన్నట్టుండి తగ్గించడం, ఎండల్లో చెమట పట్టి నీళ్లు తక్కువ తాగడం, మూడూ రక్తంలో లిథియాన్ని పెంచేవే. ఈ ముక్క పన్నెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. జబ్బు గురించిన సమాచారం అనే గడిలో అప్పటిదాకా సున్నా వేయించుకుని కూర్చున్నాను. ఆమె దాన్ని కొట్టేసి రెండు వేసింది. మీరు లిథియం వాడుతుంటే ఏ నొప్పి మాత్రకైనా ముందు మీ డాక్టరును అడగండి. లిథియాన్ని మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి.

తర్వాత అమ్మ వంతు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అమ్మ బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏమడిగారో చెప్పలేదు. డాక్టరమ్మ కూడా తన లెక్క తను వేశారు. అన్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడానికి పది రోజుల తర్వాత రమ్మన్నారు.

ఆ రోజు ఆ అమ్మాయి నాదీ, అమ్మదీ, డాక్టరమ్మదీ మూడు వరసలూ చూపించింది. సమాచారం దగ్గర తప్ప డాక్టరమ్మ వరసలో రెండ్లు దాదాపు లేవు. లక్షణాలు, దిగులు, ఒంటి ఆరోగ్యం అన్నీ చికిత్సలోనే ఉన్నాయి కాబట్టి ఒకట్లు. అమ్మ వరసలో నా ప్రాణభద్రత దగ్గర రెండు ఉంది. గుడికి వెళ్లడం లేదని అమ్మకు తెలుసు. చాలాసార్లు వెనకే వచ్చిందట. ఫోను దగ్గర అమ్మ సున్నా వేయించింది: "దానికి ఫోను అవసరం ఏముంది?" తోడు దగ్గర కూడా సున్నా: "నేను ఉన్నాను కదా." నా వరసలో ఆ రెండింటికీ రెండ్లు. మా ఇద్దరికీ కలిసింది డబ్బు ఒక్కటే.

ఆమె నా వరసలోని ఒకట్ల చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. ఇల్లు ఎవరిది? అమ్మది. వంటకు సామాను ఎవరు తెస్తారు? అమ్మ. మాత్రలు గుర్తు చేసేది? అమ్మ. ఆసుపత్రికి తోడు వచ్చేది, బ్యాంకు పని చూసేది? అమ్మ. "మీ అమ్మగారికి ఎన్నేళ్లు?" అంది. అరవై ఏడు. గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఒకటి అంటే అవసరం తీరుతోంది అని లెక్క. తీర్చే మనిషి ఒక్కతే అయితే ఆమెకు జ్వరం వచ్చిన వారమే అన్నీ రెండ్లు అవుతాయి. ఆ మాట ఆ అమ్మాయి అనలేదు. అమ్మే అంది, నా వైపు చూడకుండా. ఇన్నాళ్లూ మేమిద్దరం ఇంట్లో ఎత్తని మాట అది. మీ కాగితం నింపినప్పుడు రెండ్లు లెక్కపెట్టుకుని ఊరుకోకండి, ఒకట్ల పక్కన మనుషుల పేర్లు రాయించండి.

ఆ మధ్యాహ్నం అక్కడే తమ్ముడికి ఫోను కలిపాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అంటే 2017లో చేసింది, 2018 మే నుంచి అమల్లో ఉన్నది, దాని ప్రకారం నాకు జబ్బు ఎక్కువైనప్పుడు నా తరఫున మాట్లాడే మనిషిని నేనే ఎంచుకోవచ్చట. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. తమ్ముడు దేశంలో లేడు కాబట్టి మా పిన్ని కూతురి పేరు రాశాను. మొగల్తూరులో ఉంటుంది, నాకన్నా రెండేళ్లు పెద్ద. నన్ను తిట్టగల మనిషి కూడా ఆమే. అక్కను అడిగితే, "ఇంతకు ముందే అడగాల్సింది" అంది. నాకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు కూడా ఆ చట్టంలో ఉంది. అది ఇంకా రాయలేదు.

ఆగస్టులో లిథియం పరీక్ష. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర వేసుకోకూడదు. రాత్రి ఎనిమిదిన్నరకు వేసుకుంటే ఉదయం ఎనిమిదిన్నరకు సూది గుచ్చాలన్నమాట. సరిగ్గా ఆ వారం గోదావరికి వరద వచ్చి పంటు ఆపేశారు. చీకటితో లేచి రాజోలు, దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పాలకొల్లులో ప్రైవేటు ల్యాబుకు వెళ్లి ఇచ్చాం. 450 రూపాయలు. వచ్చిన అంకె ఉండాల్సిన దానికి పై అంచున ఉంది. డాక్టరమ్మ నొప్పి మాత్రలు మార్చారు, లిథియం కొంచెం తగ్గించారు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా రాశారు. వణుకు పూర్తిగా పోలేదు. కానీ సెప్టెంబరుకు సూది కన్నులో పడుతోంది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది కాబట్టి, ఆ తర్వాతి పరీక్షకు ఒక్కదాన్నే వెళ్లివచ్చాను. ప్రయాణం గడిలో మార్పు ఆ అమ్మాయి కన్నా ముందు నేనే గమనించాను.

ఇక సదరం. దీనికి స్లాటు గ్రామ సచివాలయంలో తీసుకోవాలి. మానసిక వైద్యులు అన్నిచోట్లా ఉండరు కాబట్టి మా కేసులకు దొరికే స్లాట్లు తక్కువ. జూలై చివర అడిగితే సెప్టెంబరు చివరి వారంలో ఇచ్చారు. వేరే ఆసుపత్రి, దాని పేరూ రాయను. వరండాలో వంద మందికి పైగా ఉన్నారు. కౌంటరులో మనిషి, "మెంటల్ వాళ్లు ఇటు రండి" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. అమ్మే ముందు లేచింది.

వరసలో నా ముందున్న పెద్దావిడ, కొడుకును తీసుకొచ్చింది, నన్ను కింద నుంచి పైదాకా చూసి, "జడ వేసుకుని, పూలు పెట్టుకుని వచ్చావేమిటమ్మా? లోపలికి వెళ్లేముందు జుట్టు రేపుకో, అడిగినదానికి జవాబు చెప్పకు" అంది. మంచికే చెప్పింది. కొడుకుకు నాలుగు రోజులుగా స్నానం కూడా చేయించలేదట. నది అవతలి ఆసుపత్రిలో ఇంటిపని, శుభ్రత చక్కగా చూసుకుంటున్నానని సంతోషపడ్డారు. ఇక్కడ ఆ రెండూ నాకు అడ్డం. అమ్మ నా జడలోంచి పూలు తీయబోయింది, నేను ఒప్పుకోలేదు.

లోపల పది నిమిషాలు కూడా పట్టలేదు. వాడే కొలత పేరు ఐడియాస్, మన దేశంలో మనోవైద్యులే తయారుచేసింది. నాలుగే విషయాలు: తన పనులు తను చేసుకోవడం, మనుషులతో మసలడం, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. జబ్బు ఎన్నాళ్లుగా ఉందనే దానికి మళ్లీ వేరే మార్కులు, పదేళ్లు దాటితే నాలుగు. గడిచిన రెండేళ్లలో కనీసం ఆరు నెలలు లక్షణాలు ఉన్నాయా అని కూడా చూస్తారు. కిందటి చలికాలం చీటీలు అక్కడ పనికొచ్చాయి. అమ్మ మాత్రం, "వంట చక్కగా చేస్తుందండీ, లేసు కూడా అల్లుతుంది" అని గొప్పగా చెప్పేసింది. ఆ డాక్టరు గారు నవ్వి, "అల్లింది అమ్ముడుపోతోందా?" అని నన్ను అడిగారు. వెనక్కి వచ్చిన పువ్వుల సంగతి చెప్పాను. శుభ్రతకు సున్నా, మనుషులకు రెండు, మాటకు ఒకటి, పనికి రెండు, జబ్బు వయసుకు నాలుగు. మొత్తం 9. కనీసం ఏడు వస్తే గానీ 40 శాతం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మానసిక వ్యాధి ఒకటి, కానీ సాయాలు చాలావాటికి కనీసం ఆ 40 ఉండాలి. నా తొమ్మిదిలో నాలుగు కేవలం పాతబడినందుకు వచ్చినవి.

నాకేం కావాలని అక్కడ ఎవరూ అడగలేదు. అది వాళ్ల పని కూడా కాదు. ఏం చేతకాదో కొలవడమే వాళ్ల పని. అక్టోబరు రెండో వారంలో ధ్రువపత్రం సచివాలయానికి వచ్చింది: 50 శాతం, తాత్కాలికం. గడువు తీరాక మళ్లీ చూపించుకోవాలి. దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 ఇస్తున్నారు. దరఖాస్తు తీసుకున్నారు గానీ, కొత్త పేర్లు చేర్చినప్పుడు చూస్తామన్నారు. ఇంకా రాలేదు. ఎవరో నిరామయ బీమాకు పెట్టుకోమన్నారు, తిరిగాను. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు. మానసిక వ్యాధికి వర్తించదు. మీరు తిరగకండి.

ఖర్చు అంటారా, మాత్రలు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, అక్కడ లేని నెల బయట కొనాలి. ఎక్కువ పోయింది పరీక్షలకు, ఆటోలకు. రెండు ఆసుపత్రులూ కలిపి మూడు వేలు దాటి ఉంటుంది. అల్లిక ఆగిన రోజుల కూలి ఇందులో కలపలేదు.

ఫోను సెప్టెంబరులో చేతికి వచ్చింది. ఆ అమ్మాయి మా ఇద్దరినీ కూర్చోబెట్టి షరతులు రాయించింది. డబ్బు పంపే యాప్‌కు వేరే ఖాతా, అందులో ఐదు వందలకు మించి ఉండదు. రాత్రి ఫోను అమ్మ దగ్గర. నేను వరసగా రెండు రాత్రులు నిద్రపోకపోతే ఫోను మొగల్తూరు అక్క చేతికి వెళుతుంది, నేను అడ్డు చెప్పను. పాప మొదటి రోజు గంటసేపు మాట్లాడింది, అందులో ముప్పావు వంతు వాళ్ల లెక్కల టీచరు మీద ఫిర్యాదులు.

జనవరిలో అదే కాగితం మళ్లీ నింపుతారు. తోడు గడిలో ఇంకా రెండే ఉంటుందని ఇప్పుడే చెప్పగలను. తమ్ముడు సంక్రాంతికి వస్తే ఇల్లు, బ్యాంకు సంగతి తేల్చుకోవాలి. ఫోను అమ్మకు ఇవ్వాల్సింది తొమ్మిదికా పదికా అన్నది మాత్రం నిన్న రాత్రి కూడా తేలలేదు.